సుల్తాన్ బజారు : ఒక పాతపేట కాపురము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ప్రసంగము)



పల్లెలోని గ్రంథాలయమునకు రజతోత్సవము జరుగుచుండగా నగరములోని పాతపేటను గూర్చి ప్రసంగమేల యని కొందఱికి తోచవచ్చును. తెలంగాణమున తెలుగు గ్రంథాలయమునకు పుట్టినిల్లు అట్టి పేటయే. అది హైదరాబాదులో కోఠీ ప్రక్కనున్న సుల్తాన్ బజారు.

మూసీకి ఉత్తరపు దెసను బ్రిటిషు రెసిడెంటు నివసించుటచే ఆ ప్రాంతమును రెసిడెన్సీ బజారులనెడివారు. కర్క్ పాట్రిక్ అను రెసిడెంటు కాలమున, 1803 ప్రాంతమున ఆరంభమైన ఆ స్తంభముల మేడ నేటికిని నిలిచియున్నది; తరువాత అది ఆడపిల్లల కళాశాల యైనది. 1857 జూలై 17వ తేదీన తుర్రెబాజ్ ఖాను, మౌల్వీ అల్లాఉద్దీను తమవారితో గూడి ఆ గోడలమీదికే దండెత్తిరి. దాడి విఫలమయ్యెను. మౌల్వీని అండమానుకు పంపిరి. తుర్రెబాజ్ ఖాను 1859లో కాల్చి చంపబడెను. ఈ కథ యెఱుగకయే కోఠీలో బస్సుకొఱకు నిలుచుండువారు వేలకొలదిగా నున్నారు.

ఆ బజారులలో నిజాము అధికారము చెల్లక రెసిడెంటు అధికారము చెల్లుచుండెను. 1933లో అవి తిరిగి నిజామునకు అప్పగింపబడినవి. పరాయివాని యేలుబడి పొగడదగినది కాదు గాని, ఆ యిఱుకు సందులలో సభలకును, పుస్తకములకును కొంత ఊపిరి దొరకెననుట నిజము. 1901 సెప్టెంబరు 1వ తేదీన రావిచెట్టు రంగారావుగారి యింట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారును, మునగాల రాజా నాయని వేంకటరంగారావుగారును దానికి పెద్దదిక్కైరి. కచేరీలలో ఉర్దూ నడచు దినములలో తెలుగు పుస్తకము చదువుకొనుటకు ఒక తావు! దాని వెనుకనే హనుమకొండలో 1904లోను, సికింద్రాబాదులో 1905లోను తెలుగు గ్రంథాలయములు లేచినవి. పల్లెలకు వచ్చిన దారి అదియే.

1921 నవంబరులో ఆ చేరువనే వివేకవర్ధినీ నాటకశాలలో సంఘసంస్కార సభ జరిగెను. అధ్యక్షులు కర్వే పండితులు. ఇతర భాషలలో మాటలాడినవారిని సభ శ్రద్ధగా వినెను. అల్లంపల్లి వేంకటరామారావుగారు తెలుగున నోరు విప్పగనే కొందఱు చప్పట్లు చఱచి గేలిచేసిరి. ఆ రాత్రియే కొందఱు తెలుగువారు ఒక యింట కూడి ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. అంతలో అంత త్వరగా కూడగలుగుట యెట్లు? ఇండ్లు దగ్గఱగా నుండుటవలననే. కబురు కాలినడకను పోయెను.

పాతపేటలోని సొగసు ఇదియే గాని మేడల స్తంభములలో లేదు. ఆర్యసమాజము, మరాఠీవారి గ్రంథసంగ్రహాలయము, మఱికొంత దూరము నడచినచో కాచిగూడలో కన్నడిగుల సాహిత్యమందిరము, రాంకోఠిలో గుజరాతీల సమాజము! బడీచౌడీలో కూరగాయలు బేరమాడునప్పుడే పిల్లవాని చెవిని నాలుగైదు భాషలు పడును. బడిలో ఇది నేర్పుటకు వీలుపడునా?

చూచిపోవువారికి పేటను మెచ్చుట సులభము. కాపురముండువారికి మురుగుకాలువ, ఎండ చొరని గది, ఇంటికి బండి రాని సందు, అన్నదమ్ముల వాటాల తగవులు ఉన్నవి. పిల్లలు పెద్దవారై విశాలమైన కాలనీలకు పోవుదురు. పాతయింటి ముందుభాగము బట్టల అంగడి యగును. వారిని తప్పుపట్టుట న్యాయము గాదు. వెలుతురును, నీరును కోరుట నేరమా? అయినను కాపురములు పోయినపేట రాత్రికి తాళము పడిన బజారు మాత్రమే.

మెట్రోరైలు ఆ వీథిమీదుగా పోవునని తెలిసినపుడు అంగళ్ళవారు ఏండ్లతరబడి అభ్యంతరము చెప్పిరి. తుదకు 2020 ఫిబ్రవరి 7వ తేదీన రైలు నడచినది. కొన్ని కట్టడములు పోయినవి. వీథికి నీడ వచ్చినది, ఆకాశము తగ్గినది. దూరపువారు మాత్రము ఇప్పుడు సుళువుగా వచ్చుచున్నారు. రెండును నిజమే.

భాషానిలయము ఇంకను ఆ పేటలోనే యున్నది. 2001లో దానికి నూఱేండ్లు నిండినవి. ఈ యూరివారు హైదరాబాదు పోయినపుడు సుల్తాన్ బజారు స్టేషనులో దిగి, ఏ అంగడివానినైనను దారి యడిగి, ఒక గంటసేపు అందు కూర్చుండి చదువుకొని రావచ్చును.