అమ్మమ్మ మాట తప్పా? గ్రీకుల తగవు, మన తగవు

ఇవాళ గ్రీకుల గురించి మాట్లాడతానంటే, "తెలుగు రేడియోలో గ్రీకుల గోల ఎందుకండీ?" అని మీరు అడగొచ్చు. ఎందుకో ముందే చెప్తాను.

నేను బోస్టన్ దగ్గర ఉంటాను. ఆదివారాలు నలుగురైదుగురు పిల్లల్ని కూర్చోబెట్టి తెలుగు చెప్తుంటాను. ఇండియా నుంచి ఎప్పుడో తెచ్చుకున్న పాత వాచకం ఒకటి ఉంటే, దాన్నే జిరాక్సు తీసి పంచాను. అందులో "బాలుడు పాఠశాలకు పోవుచున్నాడు" అని ఉంది. ఒక పాప దాన్ని చూడకుండా రాయమంటే "అబ్బాయి బడికి వెళ్తున్నాడు" అని రాసింది. నేను ఎర్రసిరాతో గీత పెట్టాను. ఆ పిల్ల నా వంక చూసి, "మరి మా అమ్మమ్మ కూడా తప్పే మాట్లాడుతుందా?" అంది. నా దగ్గర జవాబు లేదు. తరవాత రెండు వారాలు ఆ పిల్ల క్లాసులో తెలుగులో నోరు విప్పలేదు. ఏమడిగినా ఇంగ్లీషులోనే సమాధానం.

ఈ సంగతి మా వీధిలో ఉండే ఒక గ్రీకు పెద్దాయనతో అంటే ఆయన పడీ పడీ నవ్వాడు. "మా ఇంట్లో ఇల్లుని స్పీతి అనేవాళ్ళం, బడిలో ఓయికోస్ అని రాయించేవాళ్ళు. రొట్టె ఇంట్లో ప్సొమి, పుస్తకంలో ఆర్తోస్. మేము ఈ గొడవతో నూటయాభై ఏళ్ళు కొట్టుకున్నాం" అన్నాడు. అప్పటినుంచి ఆ కథ వెంట పడ్డాను.

గ్రీకులు 1821లో తుర్కుల మీద తిరగబడ్డారు. దేశం వస్తోంది సరే, ఆ దేశానికి ఏ భాష కావాలి? కొందరు ప్లేటో నాటి ప్రాచీన భాషే కావాలన్నారు. కొందరు జనం మాట్లాడేదే చాలన్నారు. పారిస్‌లో ఉండే కొరాయిస్ అనే పండితుడు మధ్యేమార్గం చెప్పాడు. జనం భాషనే తీసుకుందాం, కానీ అందులో చేరిన తుర్కీ, ఇటాలియన్ మాటల్ని ఏరేసి శుభ్రం చేద్దాం అన్నాడు. దాన్నుంచి పెరిగిందే "కథారెవూసా", అంటే శుద్ధి చేసిన భాష. శుద్ధి చెయ్యగా చెయ్యగా, చివరికది ఏ ఇంట్లోనూ వినపడని భాష అయి కూర్చుంది. కోర్టులు, బడులు, పత్రికలు అన్నీ అందులోనే.

అయితే కవిత్వం ఆ మాట వినలేదు. సొలొమోస్ అనే కవి చదువుకున్నది ఇటాలియన్లో. ఆయన 1823లో స్వేచ్ఛ మీద రాసిన దీర్ఘగీతం మాత్రం జనం గ్రీకులో ఉంది. 1865లో దాని మొదటి చరణాలే జాతీయగీతం అయ్యాయి. చూశారా, ప్రభుత్వం కాగితాలు రాసేది ఒక భాషలో, పాడుకునేది ఇంకో భాషలో!

ఈ కథలో మా బోస్టన్‌కీ వాటా ఉంది. హార్వర్డ్‌లో గ్రీకు ఆచార్యుడు ఎడ్వర్డ్ ఎవరెట్ 1823లో తన పత్రికలో గ్రీకుల విన్నపాన్ని అచ్చువేసి అమెరికన్లను కదిలించాడు. శామ్యూల్ హౌ అనే కుర్ర డాక్టరు అక్కడికి వెళ్ళి యుద్ధంలో వైద్యం చేసి, తిరిగొచ్చి ఇక్కడ అంధుల బడి నడిపాడు. 1867లో మళ్ళీ గ్రీసు వెళ్ళినప్పుడు ఆయన వెంట వచ్చిన గ్రీకు పాత్రికేయుడే మైఖేల్ అనాగ్నోస్. హౌ తరవాత ఆ బడి పెద్ద ఆయనే. 1887లో హెలెన్ కెల్లర్ దగ్గరికి ఆన్ సలివన్‌ని పంపింది కూడా ఆయనే.

నాకు వీళ్ళందరికన్నా నచ్చినవాడు ఎవాంజెలినస్ సొఫొక్లిస్. పీలియన్ కొండల్లో పుట్టి, కైరోలో సన్యాసుల మధ్య చదువుకుని, 1828లో అమెరికా వచ్చాడు. ఒంటరి మనిషి. హార్వర్డ్‌లో ఒక గదిలో ఉంటూ కోళ్ళను పెంచుకునేవాడట. 1842లో ఆయన జనం మాట్లాడే గ్రీకుకి ఒక వ్యాకరణం రాసి ఈ దేశంలోనే అచ్చువేశాడు. 1870లో ఇంకా పెద్ద పని చేశాడు. క్రీస్తుకి పూర్వం 146 నుంచి క్రీస్తుశకం 1100 దాకా వాడుకలోకి వచ్చిన మాటలకు నిఘంటువు వేశాడు. "అది చెడిపోయిన గ్రీకు" అని పండితులు పక్కన పెట్టిన కాలం అది. ఆ మాటల్నే ఈయన ఏరి భద్రపరిచాడు. మన బ్రౌన్ దొర 1852 నిఘంటువులో వాడుకమాటల్ని చేర్చుకున్నట్టే.

ఇక అక్కడ గొడవ ముదిరింది. 1888లో ప్సిఖారిస్ అనే ఆయన తన ప్రయాణ కథ పేరుతో జనభాషకు యుద్ధభేరి మోగించాడు. 1901లో ఒక ఏథెన్స్ పత్రిక సువార్తల్ని వాడుకభాషలో వేస్తే విద్యార్థులు వీధుల్లోకొచ్చారు. కాల్పుల్లో ఎనిమిదిమంది పోయారు. ప్రభుత్వమే దిగిపోయింది. చివరికి 1976లో గానీ వాడుకభాష అధికారభాష కాలేదు.

ఇది వింటుంటే మీకు మన ఇల్లు గుర్తు రావడంలా? చిన్నయసూరి "బాలవ్యాకరణం" 1858లో వచ్చింది. కొరాయిస్ లాగే ఆయనా భాషకు ఒక మర్యాద కావాలనుకున్నాడు. ఆ మర్యాదే తరవాత సంకెల అయింది. ప్సిఖారిస్ పుస్తకం వచ్చిన నాలుగేళ్ళకి, 1892లో, విజయనగరంలో "కన్యాశుల్కం" ఆడారు. గిడుగు రామ్మూర్తిగారు 1940లో పోయేదాకా పోట్లాడుతూనే ఉన్నారు. మన దగ్గర తుపాకులు పేలలేదు, అదృష్టం. కానీ వాడుకభాషలో రాస్తే తప్పని మార్కులు కోసిన పరీక్షల కాలం మనకీ ఉంది.

అలాగని ఒకవైపే మాట్లాడటం న్యాయం కాదు. 1894లో న్యూయార్కులో మొదలైన "అట్లాంటిస్" అనే గ్రీకు పత్రిక 1973 దాకా బతికింది. ఊరు విడిచి వచ్చిన కూలీలు శుద్ధభాష పత్రికను పట్టుకుని దేశం వార్తలు చదువుకున్నారు. ఇవాళ గ్రీకులు మాట్లాడే భాషలో కథారెవూసా ఇచ్చిన మాటలు బోలెడున్నాయి. మనకైనా "రాజశేఖర చరిత్రము" చదవాలంటే "పోవుచున్నాడు" తెలియాల్సిందే. తెలుసుకోవడం వేరు, అది రాకపోతే నీకు తెలుగు రాదనడం వేరు.

ఆ పెద్దాయన చివర్లో ఒక మాటన్నాడు. "మా పిల్లలకి బడి గ్రీకు రాలేదు. ఇంటి గ్రీకు మాట్లాడితే తప్పంటారని సిగ్గుపడ్డారు. రెండూ పోయాయి" అని. నవ్వుతూనే అన్నాడు గానీ నాకు నవ్వు రాలేదు.

తరవాత ఆదివారం ఆ పాప నోటుబుక్కు అడిగి తీసుకున్నాను. నా ఎర్రగీత కొట్టేసి పక్కన రైటు పెట్టాను. "మీ అమ్మమ్మ మాట్లాడేది మంచి తెలుగు. పుస్తకంలోది పాత తెలుగు. ముందు అమ్మమ్మది రాయి, తరవాత పుస్తకంది చదువుదాం" అన్నాను. పాప కాసేపు ఆలోచించి, "మా అమ్మమ్మ బడి అనదు, ఇస్కూలు అంటుంది. అది కూడా రైటేనా?" అంది.

రైటే అన్నాను. మీరేమంటారో ఫోన్ చేసి చెప్పండి. ఉంటానండీ, సెలవు.