చిట్టెలుకల పాట

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

పది నిమిషాలు సైన్సు గురించి మాట్లాడమన్నారు. రాకెట్ల గురించి చెబుతానని అనుకుని ఉంటారు. నేను ఎలుకల గురించి చెబుతాను.

మాది ఉదయగిరి కొండ కింద పల్లె. బడి కోసం ఆత్మకూరులో మేనత్త ఇంట్లో ఉండేవాణ్ణి. రెండిళ్లలోనూ శెనక్కాయల మూటల వెనక రాత్రంతా చిట్టెలుకల పరుగులే. వాటి కిచకిచలు విన్నాం గానీ, అసలు పాట మనలో ఎవరమూ వినలేదు. వినలేం కూడా. మన చెవికి అందేది సెకనుకు 20 నుంచి 20,000 కంపనాల దాకా అని మన ఫిజిక్సు సారు చెప్పిందే. (మన బ్యాచీ వాళ్లకు ఆ పై హద్దు ఇప్పటికే బాగా తగ్గిపోయింది లెండి.) మగ చిట్టెలుక ఆడ ఎలుక వాసన తగిలితే చాలు, ఆ హద్దు దాటి, 30,000 మొదలు లక్ష దాకా కంపనాలతో పాడుతుంది. 2005లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో టిమోతీ హోలీ, జోంగ్‌షెంగ్ గువో ఆ ధ్వనులను రికార్డు చేసి, మన చెవికి అందేలా స్థాయి దించి విన్నారు. పిట్ట పాటలాగే ఉంది. రకరకాల పలుకులు, మళ్లీ మళ్లీ వచ్చే వరుసలు.

మరి ఆడ ఎలుక ఏం చేస్తుంది? 2009లో జర్మనీ శాస్త్రవేత్తలు ఆ పాటను స్పీకరులో వినిపించారు. ఆడ ఎలుకలు స్పీకరు వైపు వచ్చాయి. యంత్రంతో చేసిన ఈలకు రాలేదు. పిల్ల ఎలుక ఏడుపుకు కూడా రాలేదు, ఇది వాళ్లకే ఆశ్చర్యం. పాటకు వచ్చినవి సైతం కాసేపటికే పట్టించుకోవడం మానేశాయి. స్పీకరు వెనక ఎవరూ లేరని తెలిసిపోయిందేమో!

నన్ను కుదిపింది ఆ తర్వాతి సంగతి. ఆడా మగా ఒకచోట ఉన్నప్పుడు వచ్చే కూతలన్నీ మగ ఎలుక ఖాతాలోనే రాస్తూ వచ్చారు. ఆడ ఎలుకకూ అలాంటి గొంతే ఉందని తెలుసు. కానీ రెండూ పరిగెత్తుతుంటే ఏ కూత ఎవరిదో తేల్చడం ఎలా? 2015లో వర్జీనియాలోని జనీలియా పరిశోధనా కేంద్రం వాళ్లు చుట్టూ మైకులు పెట్టారు. ధ్వని ఒక్కో మైకును చేరే కాలంలో తేడా లెక్కగట్టి, అది పుట్టిన చోటు పట్టారు. ధ్వనికి అడుగు దూరం పోవడానికి సెకనులో వెయ్యోవంతు కూడా పట్టదు. అంత సన్నని తేడా అది. భూమిలో పైపులైను ఎక్కడ కారుతోందో పట్టడానికి ఇరవై ఏళ్లుగా నేను చేస్తున్నదీ ఇదే లెక్క, కాకపోతే రెండు చోట్ల సెన్సార్లు పెట్టి. తేలిందేమిటంటే, మగ ఎలుక వెంటపడినప్పుడు ఆడ ఎలుక కూడా కూస్తోంది. రెండింటి కూతలూ కలిసే పెరుగుతున్నాయి. అలా గొంతు కలిపిందంటే ఇష్టపడుతున్నట్టు కావచ్చని వాళ్ల అంచనా.

అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పదో తరగతిలో సారు బోర్డు మీద రాస్తూ, "గాలిలో ధ్వని వేగమెంత?" అన్నారు. "సెకనుకు 340 మీటర్లు" అని వెనక నుంచి జవాబు. సారు తిరగకుండానే నా పేరు చెప్పి శభాష్ అన్నారు. ఆడపిల్లలు క్లాసులో నోరు తెరవరని అందరి లెక్క. ఫస్టు నాది కాబట్టి జవాబూ నాదే. చెప్పింది నేను కాదు, ఎడమవైపు మూడో బెంచీలోని అమ్మాయి. సారుది తప్పేమీ లేదు, ఆయన చూడలేదు. నేను చూశాను. చూసి కూడా లేచి వెళ్లి, బహుమతిగా ఇచ్చిన పెన్ను తీసుకున్నాను. ఆమె చదువు ఆ ఏడాదితో ఆగిపోయింది. ఆ పెన్ను వల్ల ఆగలేదని తెలుసు, అయినా.

ఈ ఉదయం టిఫిన్ల దగ్గర మనవరాలిని ఎత్తుకుని ఆమె కనబడింది. సంగతి ఎత్తి, మర్చిపోయావేమో అన్నాను. "ఎందుకు మర్చిపోతాను? ఆ సాయంత్రమే మా అమ్మకు చెప్పాను" అంది. సభలో చెప్పనా అంటే, పేరు లేకుండా చెప్పమంది. తర్వాత నవ్వి, "ఏమబ్బయా, మరి ఆ పెన్నేదీ?" అంది.

అది ఎప్పుడో పోయింది. ఇందాక బస్టాండు దగ్గర కొన్నది జేబులో ఉంది. సభ అయ్యాక ఇస్తాను.