ఇంటి టచ్ ప్యానెల్‌లో కెమెరా బొమ్మ: కొనుటకు ముందు చూడవలసినవి



చూడి గేదె ఈనే రోజులలో రాత్రి మూడుసార్లు లేచి సావిడికి పోయి వచ్చుట ఎంత కష్టమో మీకు వేరుగా చెప్పనక్కరలేదు. ఇంటి దీపాలను, మోటారును నడిపే టచ్ ప్యానెల్ గోడకు ఉన్నచో, ఆ తెరమీదనే సావిడి బొమ్మను కూడ చూడవచ్చును. అయితే ప్యానెల్ ధర ఒక్కటే చూచి కొన్నవారు చిక్కులలో పడుచున్నారు. నేనును అట్లే పడితిని. అమ్మినవారు "వీడియో వచ్చును" అన్నారు. ఏ రకపు వీడియో అని నేను అడుగలేదు.

పాత రకపు కాంపోజిట్ కెమెరా, కేబుల్ టి.వి. తీగవంటి కోయాక్సియల్ తీగగుండా బొమ్మను పంపును. మంచి తీగ అయినచో 200 మీటర్ల వరకు ఇబ్బంది ఉండదు. తరువాత వచ్చిన హెచ్.డి. అనలాగ్ కెమెరాలకు కూడ అదే తీగ, చివర అదే బి.ఎన్.సి. పిన్ను. కాని కాంపోజిట్ ఇన్‌పుట్ మాత్రమే ఉన్న ప్యానెల్ ఆ సంకేతమును గుర్తించలేదు. మా ఇంట జరిగినది ఇదే. పిన్ను చక్కగా కూర్చున్నది, తెర మాత్రం నల్లగానే మిగిలినది.

మూడవది నెట్‌వర్క్ కెమెరా. పి.ఒ.ఇ. సౌకర్యమున్నచో ఒకే తీగలో కరెంటు, బొమ్మ రెండును పోవును. ఆ తీగ 100 మీటర్లకు మించరాదు. మోటారు షెడ్డు అంతకంటె దూరమైనచో లోహము లేని ఫైబర్ తీగ మేలు. పిడుగు పడినపుడు అది కరెంటును ఇంటిలోనికి మోసికొని రాదు. అయితే షెడ్డులోని కెమెరాకు కరెంటు అక్కడనే వేరుగా ఇవ్వవలెను.

నెట్‌వర్క్ కెమెరాతోను ఒక మెలిక కలదు. కొన్ని ప్యానెళ్లు హెచ్.264 బొమ్మనే విప్పి చూపగలవు, కెమెరా హెచ్.265లో పంపినచో ఏమియు కనిపించదు. కెమెరా సెట్టింగులలో రెండవ స్ట్రీమును హెచ్.264కు మార్చి, బొమ్మ పరిమాణము తగ్గించినచో పైసా ఖర్చు లేకుండ పని జరుగవచ్చును. ఆర్.టి.ఎస్.పి. సౌకర్యము ఉన్నదా అనియు అడుగుడు. అది ఉన్నచో ఊరిలో ఇంటర్నెట్ పోయినను, ఇంటి రౌటరు నడుచుచున్నంతవరకు బొమ్మ వచ్చును. కంపెనీ సర్వరు ద్వారానే బొమ్మనిచ్చు కెమెరాలతో ఇది కుదరదు.

ఇక ఖర్చు. లెక్క కొరకు ఒక ప్యానెల్ 20,000 రూపాయలు, మన కెమెరాకు తగిన ఇన్‌పుట్ ఉన్నది 24,000 అనుకొందము. మొదటిదానికి 6,000 పెట్టి కన్వర్టరు కొనవలసి వచ్చినచో, చౌక అనుకొన్నదే 2,000 ఎక్కువ అయినది. తీగ, బిగింపు కూలి, ప్రోగ్రామింగు రుసుము, కరెంటు పోయినపుడు నడిపే ఇన్వర్టరు, ఇవన్నియు ఒకే కాగితముపై వ్రాయించుకొనుడు. ప్రోగ్రామింగు రుసుమును చాలమంది బిల్లు వచ్చువరకు తలపోయరు.

సావిడిని ఏడాదిలో కొద్దిరోజులే చూచుకొనువారికి ఇన్‌పుట్ గల ప్యానెల్ అనవసరమని నా అభిప్రాయము. చేతిలోని ఫోనే చాలును. దినమంతయు మోటారును, పశువులను కనిపెట్టవలసిన పాడి రైతు సంగతి వేరు. అట్టివారు దుకాణమునకు పోవునపుడు తమ కెమెరాను సంచిలో వేసికొని పోవలెను. అక్కడనే తగిలించి, తెరమీద బొమ్మ కనిపించిన తరువాతనే బేరమాడుడు.