కాంతికణముల లెక్క

ఆసిఫాబాదు దాటి కెరమెరి ఘాటు వైపు సాగినచో అమావాస్య రాత్రులందు ఆకాశము ఎంత నిండుగా నుండునో ఆ ప్రాంతమువారికి చెప్పనక్కరలేదు. సప్తర్షులలోని నాలుగు చుక్కలను గోండులు మంచముగాను, తక్కిన మూడింటిని దానిని ఎత్తుకొనిపోవ వచ్చిన దొంగలుగాను చెప్పుకొందురు. ఆ చుక్కలు కంటికి సులభముగా దొరకును. ఆరవ తరగతి నక్షత్రము అట్లు దొరకదు. నేరుగా చూచిన మాయమగును, ప్రక్కచూపునకు అగపడును. అంతకంటెను మసకయైన వెలుగును పట్టి కొలుచుట ఎట్లు? నేటి ప్రసంగ విషయము అదియే.

కాంతి నీటిధారవలె ఎడతెగక ప్రవహించునని మనకు తోచును. అది కణములుగా వచ్చి పడునని 1905లో ఐన్‌స్టీన్ ప్రతిపాదించెను. ఆ కణమునకే నేడు ఫోటాన్ అని పేరు. జడివానలో చినుకులను ఎవ్వరును లెక్కింపలేరు. తుంపర పడునపుడు మాత్రము పెంకుల మీద ఒక్కొక్క చినుకు చప్పుడు వేరువేరుగా వినవచ్చును. మసకవెలుగు తుంపర వంటిది. చీకటికి అలవడిన కంటిపాపలోనికి ఆరవ తరగతి నక్షత్రము నుండి సెకనుకు సుమారు వేయి, పదునైదు వందల ఫోటాన్లు చేరును. కంటి రెటీనాలో అయిదు మొదలు పదునాలుగు వరకు ఫోటాన్లు ఇంకినచో మనిషి ఆ మెరుపును గుర్తింపగలడని హెక్ట్, ష్లేర్, పిరెన్ అను శాస్త్రజ్ఞులు 1942లో తేల్చిరి. కన్ను సామాన్యమైనది కాదు. కాని అది లెక్క వ్రాసి యుంచదు.

లెక్క వ్రాయుటకు ఫోటోమల్టిప్లయర్ అను గాజుగొట్టము కలదు. గాలి తీసివేసిన ఆ గొట్టము ముందు భాగమున ఒక పలుచని పూత ఉండును. ఫోటాన్ తగిలినపుడు ఆ పూత నుండి ఒక ఎలక్ట్రాన్ వెలువడును. ప్రతి ఫోటానుకును వెలువడదు. నాలుగైదింటికి ఒకటి వెలువడినను మంచి గొట్టమే. ఆ ఎలక్ట్రాన్ ఒక రేకును తాకి మూడు నాలుగింటిని లేపును. అవి తరువాతి రేకును తాకి మరికొన్నింటిని లేపును. నాలుగేసి చొప్పున పది మెట్లు దాటునప్పటికి ఒకటి పదిలక్షలకు మించును. అపుడు దానిని యంత్రము గుర్తింపగలుగును.

రేడియోలో దూరపు స్టేషనును పట్టి ధ్వని హెచ్చించినచో పాటతోపాటు రొదయు హెచ్చునని శ్రోతలు ఎరుగుదురు. వెలుగును విద్యుత్ప్రవాహముగా మార్చి హెచ్చించి కొలిచినను అదే చిక్కు. లెక్కించు పద్ధతి వేరు. ఒక హద్దు పెట్టి, దానిని మించిన ప్రతి విద్యుత్స్పందనమునకు ఒకటి అని వ్రాసికొందురు. స్పందనము పెద్దదైనను చిన్నదైనను ఒకటే. హద్దునకు లోబడిన చిల్లర రొద లెక్కలోనికి రాదు. అయినను మూత వేసి ఏ వెలుగును సోకనీయక యుంచినపుడు సయితము, గొట్టము వేడిమిచేత తనంతట తాను కొన్ని స్పందనములను పుట్టించును. అందుచే ముందు చీకటిని లెక్కించి, పిమ్మట వెలుగును లెక్కింపవలెను. గొట్టమును చల్లబరచినచో ఈ బూటకపు లెక్క చాల తగ్గును. వెలుగు మితిమీరినచో స్పందనములు ఒకదానిపై నొకటి పడి లెక్క తప్పును. బంగారము తూచు త్రాసులో వడ్లబస్తా పెట్టరు గదా!

మన ప్రాంతమున ఇట్టి గొట్టములతో నక్షత్రముల వెలుగును కొలిచిన చరిత్ర ఉన్నది. 1901లో నవాబు జఫర్ జంగ్ స్థాపించిన నిజామియా వేధశాల 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చేరెను. బేగంపేటలోని ఆ వేధశాల చుట్టును నగరము పెరుగగా, హైదరాబాదునకు ఏబది కిలోమీటర్లకు పైబడిన దూరమున జపాల్, రంగాపురముల వద్ద 48 అంగుళముల దూరదర్శిని 1968లో నెలకొన్నది. అది మన కంటిపాప కంటె సుమారు ముప్పదివేల రెట్లు వెలుగును చేర్చును. ఒకదానినొకటి మరుగుపరచు జంటతారల వెలుగులోని హెచ్చుతగ్గులు అక్కడ కొలువబడినవి.

అంత దూరము పోనేల, నగరపు వెలుగు ఎంతో తెలిసికొని తీసివేయరాదా అని మీరు అడుగవచ్చును. అసలు కీలకము ఇక్కడనే ఉన్నది. ఫోటాన్లు గడియారమును చూచుకొని రావు. నూరు లెక్కించినచో అందులో పది వరకు అటునిటు కావచ్చును. పదివేలు లెక్కించినచో నూరు. ఒక నక్షత్రము సెకనుకు 100, చీకటి ఆకాశము 20 చొప్పున ఇచ్చునని అనుకొందము. నూరు సెకనులలో మొత్తము 12,000. సందేహము సుమారు 110. అనగా నక్షత్రపు లెక్కలో నూటికి ఒకటి. ఆకాశము దీపకాంతితో నిండి సెకనుకు 900 ఇచ్చినచో మొత్తము లక్ష, సందేహము 316. ఆకాశపు వంతు తొంబదివేలను తీసివేయవచ్చును. కాని దానితో వచ్చిన ఒడుదుడుకు పోదు. మొదటి నిశ్చయము తిరిగి రావలెనన్న ఎనిమిది రెట్లకు మించిన కాలము లెక్కింపవలెను. ఇది ఏ యంత్రముతోను తీరు కొరత కాదు.

కనుకనే చీకటి యొక ఆస్తి అని నేను అందును. మహారాష్ట్రలోని పెంచ్ పులుల అభయారణ్యము 2024 జనవరిలో మన దేశమున మొదటి చీకటి ఆకాశపు ఉద్యానవనముగా గుర్తింపు పొందినది. అక్కడి గ్రామములలో వందకు పైగా దీపములను మార్చి వెలుగును నేల వైపునకు దింపిరి. మనకును 2012లో ఏర్పడిన కవ్వాల్ పులుల అభయారణ్యము ఉన్నది, కాగజ్‌నగర్ అడవులున్నవి. పామును తేలును తిరుగు బాటలో దీపము వద్దని ఎవ్వరును అనరు. బాటకు కావలసిన వెలుగు ఆకాశమునకు ఏల? దీపముపై ఒక రేకుకప్పు ఉన్నచో బాట మరింత బాగుగా కనబడును. పైకి పోవు వెలుగు ఆగిపోవును. ఆసిఫాబాదు చుట్టునున్న పల్లెలలో క్రొత్త స్తంభములు నాటునపుడే ఈ పని చేయించుట, నాటిన పిదప మార్చుటకంటె సులభము.