నొప్పికి మాటలు కావలెను
(సంఘ సమావేశమున జరిగిన ప్రసంగ పాఠము)



మన సమావేశములలో సాధారణముగా భాషను గూర్చియు, బడులను గూర్చియు ప్రసంగములు జరుగుచుండును. నేడు నేను మాటాడబోవునది నడుము నొప్పిని గూర్చి. కార్యదర్శిగారు నవ్వుచున్నారు. కాని యిదియును భాషా విషయమే యని కొంతసేపటికి వారును ఒప్పుకొందురని నా నమ్మకము.

మన పూర్వులు తెలంగాణపు పల్లెలనుండి మగ్గము పని వెదకికొనుచు ఈ షోలాపురమునకు వచ్చిరి. చేతిమగ్గము పోయి కరెంటు మగ్గము వచ్చినది. చద్దరులు, తువాళ్లు నేయుచున్నాము. ఇండ్లలో ఆడువారు బీడీలు చుట్టుచున్నారు. ఈ పనులలో వ్రేలు తెగుట ఎప్పుడో జరుగును. నడుము, మెడ, భుజము చెడుట మాత్రము ఇంటింట చూచుచున్నదే. తెగిన వ్రేలు అందరికిని కనబడును. చెడిన నడుము ఎవరికిని కనబడదు. పరిహారపు చట్టముతో మనకు వచ్చు చిక్కంతయు ఇక్కడనే మొదలగుచున్నది.

పనిలో ప్రమాదమువలన గాయపడిన కార్మికునకు యజమాని పరిహారము ఈయవలెనని 1923లో చట్టమైనది. ఆ నియమములు 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోనికి చేరినవి; ఆ స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినది. గాయములకు విలువ కట్టు పట్టిక యొకటి మొదటినుండియు చట్టము వెంట నున్నది. బొటనవ్రేలు పోయినచో సంపాదనశక్తిలో నూటికి 30 వంతులు పోయినట్లు; చూపుడువ్రేలు మొత్తము పోయినచో 14; నడిమివ్రేలు 12; ఉంగరపువ్రేలుగాని చిటికెనవ్రేలుగాని 7. మనిషి చేతిని ఇట్లు తూకము వేసినవారి ధైర్యమునకు నేనెప్పుడును ఆశ్చర్యపడుచుందును. ఆ వ్రేళ్ల వరుసలో ఎంత వెదకినను నడుము నొప్పి కానరాదు.

అంతమాత్రమున దారి మూసికొనిపోలేదు. పట్టికలో లేని గాయమైనచో, దానివలన సంపాదనశక్తి శాశ్వతముగా ఎంత తగ్గినదో వైద్యుడు అంచనా వేయవలెను. ఆ యంకెను బట్టియే ధనము. ఒక లెక్క చూడుడు. నలువది యేండ్ల నేతగాడు, నెలకు 12,000 రూపాయల కూలి. అందులో నూటికి 60 వంతులనగా 7,200. ఆ వయస్సునకు చట్టము విధించిన గుణకము 184.17. హెచ్చించినచో 13,26,024 రూపాయలు. ఇది పూర్తి వైకల్యమునకు. వైద్యుడు 10 వంతులని వ్రాసినచో చేతికి వచ్చునది 1,32,602. అతడే 40 వంతులని వ్రాసినచో 5,30,410. మనిషి ఒక్కడే, నడుము ఒక్కటే. కాగితముపై అంకె మారిన, నాలుగు లక్షల రూపాయల భేదము.

ఆ యంకెను దేనినిబట్టి వ్రాయవలెనో సుప్రీంకోర్టు ఎన్నడో చెప్పినది. 1968లో ఒరిస్సాలోని జయపురమున సినిమాహాలు పనిలో ఒక వడ్రంగి క్రిందపడెను, ఎడమచేయి తీసివేయవలసివచ్చినది. ఇది పాక్షిక వైకల్యమే గదా యని యజమాని వాదించెను. ఒంటిచేతితో వడ్రంగము సాగదు గనుక, ఆ పనివానికిది పూర్తి వైకల్యమే యని కోర్టు 1975లో తీర్పు చెప్పినది. ఏ యంగము పోయినదని కాదు, ఏ పని పోయినదని చూడవలెను. మనకు పనికివచ్చు మాట యిదియే. నడుము నొప్పితో గుమాస్తా కుర్చీలో సర్దుకొనవచ్చునేమో. బీము నెత్తవలసినవాడు, ఎనిమిది గంటలు మగ్గముల నడుమ నిలువవలసినవాడు ఏమి సర్దుకొనగలడు?

ఇక భాష సంగతికి వత్తును. మా వాడలో ఒక తమ్ముడున్నాడు. ఆరుగురు పనిచేయు షెడ్డులో బీము నెత్తుచుండగా కాలు జారి నడుము పట్టినది. మొదటి దినమున చూచిన వైద్యుడు ఇచ్చిన చీటిలో ఉన్నదంతయు ఇది: నడుము నొప్పి, విశ్రాంతి. పరిహారమునకు అర్జీ ప్రమాదము జరిగిన రెండేండ్లలో పెట్టవలెను. రెండు నెలలు మాత్రమే మిగిలియుండగా అతడు నా యొద్దకు వచ్చెను. వేరొక వైద్యుని యొద్దకు నేను వెంట వెళ్లితిని. ఎట్లున్నదని ఆయన మరాఠీలో అడిగిన, మనవాడు ‘దుఖ్తే’ అని ఊరకుండెను. ఆ భాషలో నొప్పికి మాటలు తక్కువయని కాదు. ఠణకా యున్నది, కళ యున్నది. మూడు తరములుగా ఇక్కడ నున్నను, ఒంటి బాధ చెప్పుకొనుటకు మనవారికి వచ్చినది ఆ యొక్క మాటయే. నేను తెలుగున అడిగితిని. అప్పుడు చెప్పెను: “అన్నా, కూసుంటె నడుములో సలుపు, లేస్తె పోటు. రాత్రి కాలు గుంజుతది. పిక్కల నిప్పు పోసినట్టు మంట. పాదము తిమ్మిరి పట్టి చెప్పు జారిపోతది.”

ఒక్కొక్క మాటను నేను మరాఠీలో పెట్టగా వైద్యుడు కలము క్రింద పెట్టి లేచెను. అతనిని వెల్లకిల పరుండబెట్టి, కాలు వంచకుండ పైకెత్తి చూచెను. పాదమున స్పర్శ పరీక్షించెను. సలుపు, పోటు కండరములదియు కావచ్చును. మంట, తిమ్మిరి కాలిక్రిందికి దిగుచున్నవనిన వెన్నునుండి వచ్చు నరము నొక్కుకొనుచున్నదేమో యని వైద్యుడు అనుమానింపవలెను. ఆ రెండు మాటలు రెండేండ్లుగా ఏ కాగితమునకును ఎక్కలేదు. 1975లో కెనడాలో మెల్జాక్ అను శాస్త్రజ్ఞుడు నొప్పిని కొలుచుటకు ఒక ప్రశ్నపత్రము చేసెను. అందులో యంత్రమేమియు లేదు. ఇరువది గుంపులుగా 78 మాటలున్నవి, రోగి తన బాధకు తగినవానిని ఏరుకొనవలెను. మన తెలుగు మాటలు దానికి తీసిపోవు. వానిని కాగితమునకు ఎక్కించువాడు లేడు.

ఫిల్మును నమ్ముకొని యుండువారికి ఒక హెచ్చరిక. 1994లో ప్రకటితమైన ఒక పరిశోధనలో నడుము నొప్పి లేని 98 మందికి ఎం.ఆర్.ఐ. తీసిరి. అన్ని డిస్కులును సరిగానున్నవారు నూటికి 36 మందియే. ఫిల్ములో దోషము కనబడినంత మాత్రమున నొప్పి రుజువు కాదు. ఫిల్ము బాగున్నంత మాత్రమున నొప్పి అబద్ధమును కాదు. అవతలి పక్షము వకీలునకు ఈ సంగతి మనకంటె ముందే తెలియును.

మూడు నెలలు దాటిన నొప్పిని వైద్యులు దీర్ఘకాలపు నొప్పి యందురు. గాయము మానినను వెన్నుపాము, మెదడు బాధను మోయుటకు అలవాటుపడి, చిన్న కదలికకును పెద్ద కేక పెట్టును. తనకు నొప్పిగా నున్నదని మనిషి చెప్పినచో ఆ మాటను మన్నింపవలెనని నొప్పి శాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సంఘము 2020లో తన నిర్వచనముతోబాటు వ్రాసినది. మన దేశమున 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టములోని 21 వైకల్యములలో మాత్రము దీర్ఘకాలపు నొప్పికి చోటు దొరకలేదు.

ఇట్టివారు దినము గడుపుట యెట్లు? నెలల తరబడి మంచము పట్టిన నడుము మరింత బిగియును. నొప్పి పెరిగిన తరువాత ఆగుట కాదు, పెరుగకముందే ఆగవలెను: ఇరువది నిమిషములు పని, అయిదు నిమిషములు నడక. దుకాణములో అడిగి తెచ్చుకొను నొప్పి మాత్రలు ఏండ్ల తరబడి మ్రింగిన కడుపునకును మూత్రపిండములకును చేటు. బాగున్న దినమున పని యంతయు ఒక్కసారిగ ముగించి, మరునాడు లేవలేకపోవుట అందరును చేయు తప్పే. ఆ బాగున్న దినమే కొంపముంచును కూడ. ఈ తమ్ముడు మేనకోడలి పెండ్లిలో పది నిమిషములు నిలుచున్న ఫొటో యజమాని చేతికి చిక్కినది. ఆ రాత్రి అతడు పడిన బాధకు ఫొటో లేదు. అందరికంటె ముందు మనలోనివారే పనిదొంగ యనుట నేను విన్నాను. ఆ మాట విచారణలో సాక్ష్యమైన సందర్భమును ఎరుగుదును.

కనుక ప్రమాదమైన దినముననే యజమానికి వ్రాతపూర్వకముగ తెలుపుడు, నకలు ఉంచుకొనుడు. షెడ్డులో చూచినవారి పేర్లు వ్రాసికొనుడు. మొదటి చీటిలో గాయము పనిలో జరిగినదని యుండునట్లు వైద్యుని అడుగుడు. తరువాత చేర్చిన మాటను ఎవరును నమ్మరు. పదిమంది గాని అంతకెక్కువ గాని పనిచేయు చోట, 2017లో అమలులోనికి వచ్చిన 21,000 రూపాయల హద్దులోపల కూలి గలవారు ఇ.ఎస్.ఐ. క్రిందికి వత్తురు. వారు యజమానిపై పరిహారపు అర్జీ పెట్టరాదు. తాత్కాలిక వైకల్యమునకు సగటు కూలిలో నూటికి 90 వంతులు, శాశ్వతమైనచో మెడికల్ బోర్డు తేల్చిన వంతున నెలనెల సొమ్ము ఇ.ఎస్.ఐ. నుండి వచ్చును. ఏండ్లకొలది వంగి బీడీలు చుట్టగా వచ్చిన మెడనొప్పికి మాత్రము ప్రమాదమైన తేదీ చూపుట కష్టము. ఈ చట్టము వారి వైపు సరిగ చూడలేదు. దానిని దాచుట నాకిష్టము లేదు.

ఆ తమ్ముని భార్య ఏడవ తరగతి వరకు ఇక్కడి తెలుగు బడిలో చదివినది. నాటినుండి ఒక నోటుబుక్కులో ప్రతి దినమును రెండు పంక్తులు వ్రాయుచున్నది: ఎంతసేపు కూర్చుండెను, ఏ పని చేయలేకపోయెను, రాత్రి ఎన్నిసార్లు లేచెను. అర్జీ గడువులోపలనే పడినది, విచారణ సాగుచున్నది. ఆ నోటుబుక్కునకు మరాఠీ అనువాదము నేనును, మన గ్రంథాలయపు మాస్టరుగారును కలిసి చేయుచున్నాము. ‘గుంజుట’కు సరియైన మాట ఇంకను దొరకలేదు. మీలో నెవరికైన తెలిసినచో వచ్చే తేదీకి ముందుగా చెప్పవలెనని కోరుచున్నాను.