ఎఫ్.సి.లో నిలిచిపోయిన కారు

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగము)

సభ్యులారా,

పంచాయతీ సభ్యుల సమావేశములో కారు చక్రమును గూర్చి ప్రసంగమేమని మీలో కొందరికి తోచవచ్చును. మంచినీరు, వీధిదీపములు, ఇంటిపన్నులు, ఇవి గదా మన పనులని మీరనుకొందురు. కాని కిరాయి కారో, జీపో, పిల్లలను బడికి కొనిపోవు వ్యానో లేని ఊరు నేడు అరుదు. అవి నడచునది మన రోడ్లమీదనే. వానిలో కూర్చుండువారు మన బిడ్డలే. అందుచేత మేము కన్నులార చూచిన ఒక కారు సంగతి మీకు చెప్పదలచినాము.

వేరొక పనిమీద మేమొక గ్రామమునకు వెళ్లినపుడు పంచాయతీ కార్యాలయపు అరుగుమీద పెద్ద చర్చ జరుగుచుండెను. ఆ ఊరి యువకుడొకడు అప్పుచేసి కిరాయి కారు కొని నడుపుకొనుచున్నాడు. పురిటి నొప్పులకు గాని, తెల్లవారుజాము రైలునకు గాని ఊరివారు తట్టునది అతని తలుపునే. కారు వయస్సు తొమ్మిదేండ్లు. కిరాయి బండ్లకు ఎనిమిదేండ్లు నిండువరకు ఎఫ్.సి. రెండేండ్లకొకసారి, ఆ పిమ్మట ఏటేటా చేయించవలసియున్నది. ఈ తడవ తనిఖీకి తీసికొనిపోగా అధికారి కారును తిప్పి పంపెను. ముందరి ఎడమ చక్రము చెడియున్నదని కారణము చెప్పెనట.

మోటారు వాహనముల తనిఖీ అధికారిని మనవారు బ్రేకు ఇన్‌స్పెక్టరని పిలుచుట వాడుక. ఈ పేరే కొంత కీడు చేసినదని మా అభిప్రాయము. బ్రేకు పడినచో చాలును, తక్కినవి ఆయన చూడనక్కరలేదని చాలమంది అనుకొందురు. ఆ యువకుడును అట్లే వాపోయెను. ‘‘బ్రేకులు బాగానే పడుతున్నాయి మామా, హారను మోగుతోంది, లైట్లు వెలుగుతున్నాయి. చక్రానికి కాస్త సొట్ట ఉందని తిప్పి పంపాడు. నాలుగు రోజులుగా బండి ఇంటి ముందరే ఉంది. వాయిదా ఎట్లా కట్టేది?’’

దానికి సభ్యులలో పెద్దవాడొకడు, ‘‘ఇంత ఆలోచన ఎందుకు అల్లుడూ? పక్క ఊళ్లో మా తోడల్లుడికి ఇదే కారుంది. వాడి చక్రం ఒక్క పూట తెచ్చి తగిలించి చూపించు. కాగితం చేతికొచ్చాక వాడిది వాడికిచ్చెయ్’’ అనెను. అరుగుమీదనున్న వారందరు ఇది బాగున్నదనిరి. సభ్యులారా, ఈ ఉపాయము ఆ ఊరికే చెందినది కాదు. తనిఖీనాటికి మంచి టైర్లు ఎరువు తెచ్చుకొని, సాయంకాలమునకు గుండు టైర్లు మరల బిగించుకొనుట అనేకచోట్ల జరుగుచునే యున్నది.

మేము ఆ చక్రమును చూపుమని అడిగితిమి. కారును జాకీపై లేపి చక్రము విప్పించితిమి. బయటివైపు చూచినచో డిస్కు అంచున బొటనవ్రేలంత సొట్ట తప్ప మరేమియు కానరాలేదు. లోపలివైపు త్రిప్పి చూచునప్పటికి అందరును మౌనము వహించిరి. టైరు పక్కగోడమీద సగము నిమ్మకాయంత బుగ్గ లేచియున్నది. నట్లు పట్టు రంధ్రములలో రెండు గుండ్రనితనము కోల్పోయి కోలగా సాగియున్నవి. వాని చుట్టు తుప్పు రంగు చారలు కలవు. నట్లు వదులై డిస్కు కదలుచుండినదనుటకు ఆ చారలే సాక్ష్యము.

టైరు బుగ్గను గూర్చి కొంచెము వివరింపవలెను. టైరనగా కేవలము రబ్బరు కాదు. రబ్బరు లోపల గట్టి దారముల పొరలు కలవు. గాలి ఒత్తిడిని మోయునవి ఆ దారములే. చక్రము గోతిలో పడి, గోతి అంచునకును డిస్కునకును నడుమ టైరు నలిగినపుడు ఆ దారములు తెగును. తెగినచోట గాలి రబ్బరును బయటికి నెట్టును. అదియే బుగ్గ. పంక్చరునకు పట్టీ వేసినట్లు దీనికి వేయుటకు వీలులేదు. తెగిన దారములు మరల అతుకవు.

ఆ యువకుడు, ఈ బుగ్గతోనే రెండు నెలలుగా తిరుగుచున్నాననియు, ఏమియు కాలేదనియు చెప్పెను. మేము అతనితో ఒక లెక్క కట్టించితిమి. కారు టైరు చుట్టుకొలత సుమారు 2 మీటర్లు. అనగా కిలోమీటరునకు చక్రము సుమారు 500 సారులు తిరుగును. 30 కిలోమీటర్ల దూరముననున్న ఆసుపత్రికి ఒకసారి పోవుటకు 15,000 సారులు. తిరిగిన ప్రతిసారియు ఆ బలహీనమైన తావు నలిగి మరల ఉబ్బుచున్నది. ముందరి చక్రము వేగముమీద పగిలినచో కారు ఆ వైపునకే లాగును. చీకటిలో, నిండు మనుష్యులతో ఉన్న బండిని అపుడు అదుపు చేయుట ఎంత నేర్పరికైనను కష్టము. లెక్క ముగియునప్పటికి, ఎరువు చక్రము మాట ఎత్తిన పెద్దమనిషి తన కోడలిని కిందటి వారమే ఆ కారులో పుట్టింటికి పంపినానని మెల్లగా చెప్పెను.

ఇక చట్టము సంగతి. 1988 మోటారు వాహనముల చట్టము 56వ సెక్షను ప్రకారము ఎఫ్.సి. లేని కిరాయి బండిని సక్రమముగా రిజిస్టరైన బండిగా పరిగణింపరు. అట్టి బండికి ప్రమాదము జరిగినచో బీమా సొమ్ము విషయమున కూడ చిక్కులు వచ్చును. అధికారి ఎఫ్.సి. నిరాకరించినపుడు కారణములను వ్రాతమూలకముగ ఇయ్యవలెననియు ఆ సెక్షనే చెప్పుచున్నది. మన యువకుడు ఆ కాగితము అడుగనేలేదు. నోటిమాట విని కోపముతో తిరిగి వచ్చినాడు. కాగితము చేతనున్నచో ఏది మార్చవలెనో మెకానిక్కునకు చూపవచ్చును. నిర్ణయము అన్యాయమని తోచినచో 57వ సెక్షను క్రింద 30 దినములలో అప్పీలు చేసికొనవచ్చును. అట్లే, ఎఫ్.సి. ఇచ్చిన పిమ్మట కూడ బండి నియమములకు తగినట్లు లేదని తేలినచో అధికారి దానిని రద్దుచేయవచ్చును. కావున ఎరువు చక్రముతో తెచ్చిన కాగితము నిలుకడ లేనిది.

టైర్లను గూర్చి 1989 కేంద్ర మోటారు వాహనముల నియమావళిలో 94వ నియమము కలదు. లోపలి దారములు బయటపడిన టైరు, ఎక్కడనైనను ఉబ్బిన టైరు పనికిరావు. కారు టైరు బటను లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదు. రెండు, మూడు చక్రముల బండ్లకు 0.8 మిల్లీమీటరు. దీనికి కొలబద్ద అక్కరలేదు. బటను గాళ్లలో అడ్డముగా చిన్న గట్లు ఉండును. బటను అరిగి ఆ గట్టుతో సమానమైనచో టైరు ఆయువు తీరినదన్నమాట. టైరు పక్కగోడపై నాలుగంకెలు కూడ చూడుడు. 2319 అని యున్నచో 2019వ సంవత్సరము 23వ వారమున తయారైనదని అర్థము. పాత టైరును కొత్తదని అమ్మజూపువారికి ఈ అంకెలు మీకు తెలియుట ఇష్టముండదు!

ఆ కారుకు ఏమి చేయించితిమో చెప్పెదము. అంచున స్వల్పముగా వంగిన ఇనుప డిస్కును యంత్రముమీద సరిచేయుట కలదు. కాని రంధ్రములు సాగినను, ఎక్కడనైనను పగులు కనబడినను దానిని పారవేయవలసినదే. సుత్తితో కొట్టి, వెల్డింగు పెట్టి నడపరాదు. అల్లాయ్ చక్రములకు ఈ మాట మరింత వర్తించును. అందుచే అతడు కొత్త డిస్కు కొనెను. సాగిన రంధ్రములలో ఆడి అరిగిన బోల్టులను, నట్లను కూడ మార్పించెను. ముందరి రెండు టైర్లను ఒకే కొలతవి వేయించి, కుడివైపు నుండి తీసిన మంచి టైరును స్టెప్నీగా ఉంచుకొనెను. అలైన్‌మెంటు సరిచూపించెను. చక్రమును జాకీపై లేపి, పైనను క్రిందను పట్టుకొని ఊపి బేరింగులో ఆట లేదని నిర్ధారణ చేసికొనెను. ఖర్చైనది. కాదనము. వారము దినములలో ఎఫ్.సి. వచ్చినది.

నట్లు అసలెందుకు వదులైనవని విచారింపగా, మూడు మాసముల క్రిందట పంక్చరు వేయించినపుడు కుర్రవాడు ఒక్కసారే బిగించి పంపినాడట. ఎదురెదురు నట్లను మార్చి మార్చి కొద్దికొద్దిగ బిగించవలెను. సుమారు 100 కిలోమీటర్లు నడచిన పిమ్మట మరల బిగువు చూడవలెను. ఇది చేయువారు పదిమందిలో ఒకరుండుట కూడ మాకు సందేహమే.

వదులైన నట్లు రంధ్రములను చెరచినవి సరే. సొట్టయు, బుగ్గయు ఎక్కడివి? సభ్యులారా, మీకు చెప్పవలసిన అసలు మాట ఇక్కడనున్నది. ఆ ప్రశ్న మేము కూడలిలోని పంక్చరు షాపువానిని అడిగితిమి. అతడు తలయెత్తకయే, ‘‘ఆ ఊరి తూము దగ్గరిదే అయ్యుంటుంది సారూ, నాకొచ్చే సొట్ట డిస్కులు సగం అక్కడివే’’ అనెను. పోయి చూచితిమి. ఊరి మొగదల తూముపై కాంక్రీటు పలక అంచు జానెడు మేర విరిగి, ఇనుప ఊచ రెండు బయటికి వచ్చియున్నవి. వర్షము కురిసినచో నీరు నిలిచి గోతిని కప్పివేయును. ఆటోలు, ట్రాక్టరు ట్రాలీలు, బడి వ్యాను, అన్నియు దానిమీదుగనే పోవలెను. పంచాయతీ సభ్యులు కూడ దినమునకు రెండుసారులు దానిని తప్పించుకొని పోవుచునే యున్నారు. తప్పించుకొనుట అలవాటైన గొయ్యి కంటికి కనబడదు.

గ్రామములోని రోడ్లను, వానిమీది తూములను బాగుచేయించుట పంచాయతీ బాధ్యత. ఆంధ్రప్రదేశ్‌లో 1994 చట్టము, తెలంగాణలో 2018 చట్టము దీనిని మనమీద ఉంచినవి. అయితే ఆ తూము ఉన్న రోడ్డు జిల్లా పరిషత్తుది. మనది కాదుగదా యని సర్పంచి మొదట వెనుకాడెను. రోడ్డు ఎవరిదైనను చక్రములు మన ఊరివే గదా యని ఒక మహిళా సభ్యురాలు అడుగగా ఆమె మాట నెగ్గినది. ఆ సాయంకాలమే బయటికి పొడుచుకొనివచ్చిన ఊచలను కోయించి, గోతిలో కంకర పోయించి, ఇరుపక్కల రాళ్లు పాతి సున్నము పూయించిరి. మరుసటి సమావేశములో తీర్మానము వ్రాసి, ఫొటోలు జతపరచి, పంచాయతీరాజ్ ఇంజనీరునకు పంపి రసీదు తీసికొనిరి. తీర్మానము పంపి ఊరకుండక, ప్రతి సమావేశమునందును అది ఏ దశలోనున్నదో చదివించిరి. మూడవ మాసమున పలక మరల పోసిరి.

బడి వ్యాను యజమానిని కూడ పిలిపించి, వెనుక చక్రములను లోపలివైపునుండి చూపించుమనిరి. ఒక టైరునకు దారము కనబడు కోత యున్నది. అతడు మారుమాటాడక మార్పించెను.

పాత డిస్కును గూర్చి ఒక మాట మిగిలినది. పాత ఇనుము వర్తకుడు మంచి ధర ఇత్తునని వచ్చెను. యువకుడు ఇయ్యబోగా మేము వారించితిమి. అట్టి డిస్కులను కొట్టి, రంగు పూసి, మరల అమ్మువారు కలరు. వెల్డింగు షాపునకు తీసికొనిపోయి రెండు ముక్కలుగ కోయించిన పిమ్మటనే అతడు దానిని అమ్మెను.