చలి వదలని వసంతం - ఎదగని పచ్చిక



2021లో టోక్యో ఒలింపిక్స్‌లో మన బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ గోల్ఫ్ ఆటలో నాలుగో స్థానంలో నిలిచింది. మీకు గుర్తుండే ఉంటుంది. ఆ ఆట మాట తరగతిలో వచ్చినప్పుడు మా పిల్లవాడొకడు లేచి, "సార్, ఆ గడ్డి అంత నున్నగా ఎట్లుంటాది? ఎవరు కోస్తారు?" అని అడిగాడు. బంతి సంగతి కొంత తెలుసుగానీ గడ్డి సంగతి నాకూ తెలియదు. ఆ తర్వాత తెలుసుకున్నది మీతో పంచుకుంటాను. ఇది ఇంగ్లండు ముచ్చటే అయినా, మడి కట్టి నారు పోసే మనకు పరాయిది కాదు.

గోల్ఫ్ మైదానంలో సాధారణంగా 18 గుంతలుంటాయి. గుంత చుట్టూ ఉండే నున్నని గడ్డిమడిని గ్రీన్ అంటారు. బంతి అక్కడ తొణకకుండా దొర్లాలి. అందుకని వేసవిలో ఆ గడ్డిని మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తులో కోస్తారు. ఇంత పొట్టిగా కోసినా బతకాలంటే గడ్డి రోజూ కొత్త ఆకు వేస్తూ ఉండాలి. నేల వేడి సుమారు ఆరు డిగ్రీల సెల్సియస్ దాటితేగానీ అక్కడి గడ్డి కదలదు. పది డిగ్రీలు దాటాకే జోరందుకుంటుంది.

ఇంగ్లండులో మార్చి, ఏప్రిల్, మే నెలలు వసంతం. కరోనా కట్టడి తర్వాత 2021 మార్చి 29న అక్కడి గోల్ఫ్ మైదానాలు మళ్లీ తెరిచారు. నెలల తరబడి ఇళ్లలో ఉన్నవాళ్లు ఉత్సాహంగా ఆటకు వచ్చారు. గడ్డి మాత్రం సిద్ధంగా లేదు. ఆ ఏప్రిల్‌లో బ్రిటన్ రాత్రులు ఎంత చల్లగా ఉన్నాయంటే, 1922 తర్వాత ఏ ఏప్రిల్‌లోనూ సగటు కనిష్ఠ ఉష్ణోగ్రత అంత తక్కువకు దిగలేదు. పైగా వానలు చాలా తక్కువ. క్యాలెండరులో వసంతం వచ్చింది, నేలలోకి రాలేదు.

ఇలాంటప్పుడు మైదానాన్ని సాకేవారికి, అక్కడ గ్రీన్‌కీపర్లంటారు వారిని, అసలు పరీక్ష మొదలవుతుంది. "ఎండ కాస్తోంది కదా, గ్రీన్‌లు ఇంకా గతుకులుగా ఎందుకున్నాయి?" అని ఆడేవాళ్లు అడుగుతారు. కారణం ఉంది. ఒకే గ్రీన్‌లో రెండు మూడు రకాల గడ్డి కలిసి ఉంటుంది. చలిలో ఒకటి ముందు లేస్తుంది, ఇంకొకటి పడుకునే ఉంటుంది. బంతి ఎగుడుదిగుడుగా పోతుంది. దాన్ని సరిచేద్దామని కత్తి దించి కోస్తే, ఉన్న కాస్త ఆకూ పోయి గడ్డి నీరసిస్తుంది. ఎరువు ఎక్కువ వేద్దామా అంటే, యూరియాను వేళ్లకు అందే రూపంలోకి మార్చే సూక్ష్మజీవులు కూడా చలికి మందగించి ఉంటాయి. నేలకు గాలి ఆడడానికి వసంతంలో చిన్న చిన్న రంధ్రాలు తీసి ఇసుక నింపుతారు. గడ్డి ఎదగకపోతే ఆ రంధ్రాలు వారాల తరబడి పూడవు.

మంచు పేరుకున్న ఉదయం మరీ జాగ్రత్త కావాలి. ఆకులో నీరు గడ్డకట్టి ఉన్నప్పుడు దాని మీద నడిస్తే లోపలి కణాలు చితికిపోతాయి. అప్పటికేమీ కనిపించదు. తర్వాత అడుగుల జాడలే గోధుమరంగు మచ్చలుగా తేలుతాయి. అందుకే మంచు కరిగేదాకా ఆట ఆపుతారు. లేదా పక్కన తాత్కాలికంగా వేరే గ్రీన్ గుర్తించి అక్కడ ఆడిస్తారు.

మరి తెలిసినవాళ్లు చేసేదేమిటి? నేలలో థర్మామీటరు గుచ్చి చూస్తారు. కత్తిని కాస్త పైకెత్తుతారు. కోతకు బదులు కొన్ని రోజులు తేలికపాటి రోలరు తిప్పి నునుపు తెస్తారు. చలిలోనూ కొంత అందే అమ్మోనియం సల్ఫేటును కొద్దిగా వేస్తారు. రంగు కోసం, ఆకు గట్టిపడడం కోసం ఐరన్ సల్ఫేటు చల్లుతారు. విత్తనం చల్లిన చోట పలచని గుడ్డ కప్పి వెచ్చదనం నిలుపుతారు. ఆటగాళ్లకు ఉన్న సంగతి ఉన్నట్టు బోర్డు మీద రాసి పెడతారు. మిగతా రోజులు ఓపిక పడతారు.

ఇది చదువుతుంటే నాకు తుంగభద్ర ఆయకట్టులోని మా మడి గుర్తుకొచ్చింది. తెలుగులో నారుమడి అనండి, కన్నడలో ససిమడి అనండి, రెండో పంటకు దాని కష్టం ఒకటే. ఓ ఏడు జనవరి చలికి మా నారు పసుపు తిరిగింది. నేను తొందరపడి యూరియా మళ్లీ చల్లాను. వారమైనా నారు కదలలేదు. నాన్నగారు కోప్పడలేదు. తెల్లవారుజామున నన్ను మడిలోకి దిగమన్నారు. కాళ్లు జివ్వుమన్నాయి. "నీ కాళ్లకే ఇట్లుంటే, రాత్రంతా ఈ నీళ్లలో నిలబడిన వేళ్ల సంగతేంట్రా?" అన్నారు. ఆ చల్లని నీళ్లు తీసేయించి, కొత్త నీళ్లు పెట్టించారు. రోజూ ఉదయం అదే పని. పది రోజులకు నారు తేరుకుంది.

ఇంగ్లండు గ్రీన్‌కీపరు థర్మామీటరు గుచ్చి తెలుసుకున్నదే నాన్నగారు పాదంతో తెలుసుకున్నారు. శ్రోతలారా, ఈసారి మీ నారు పసుపు తిరిగితే ఎరువు బస్తా విప్పే ముందు ఒక్కసారి తెల్లవారుజామున మడిలో కాలు పెట్టి చూడండి. చలి కారణమైతే నీళ్లు మార్చండి, నాలుగు రోజులు ఆగండి. ఆగడం కూడా సేద్యంలో ఒక పనే.